షికారు పడవ కొనేముందు అడుగు చూడాలి

కోనసీమకు పండుగకు వచ్చే చుట్టాలు ఇదివరకు కొబ్బరితోటలో మంచం వేసి, బొండాం కొట్టి ఇస్తే సంతోషించేవారు. ఇప్పుడు గోదావరి మీద ఓ గంట తిప్పి తీసుకురమ్మంటున్నారు. దిండిలో హౌస్‌బోట్లు చూసి వచ్చినవారు అలాంటిది చిన్నదైనా మన రేవులో ఎందుకు ఉండకూడదని అడుగుతున్నారు. ఈ గిరాకీ చూసి గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్లు, వేట గిట్టుబాటు కాని మత్స్యకార కుటుంబాలు, లంక రైతులు కూడా చిన్న మోటారు పడవ కొనే ఆలోచన చేస్తున్నారు. ఆలోచన మంచిదే. ఏటి ఒడ్డున పుట్టినవాడు ఏటి మీద నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకోవడంలో తప్పులేదు. అయితే బేరానికి వెళ్లినవారు వేసే మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్?" అనే. ఆ ప్రశ్న నాలుగోదో ఐదోదో కావాలి. అంతకు ముందు అడగవలసినవి అడగకపోతే పోయేది అప్పు తెచ్చి పెట్టిన డబ్బు ఒక్కటే కాదు.

జరిగినవి ఒకసారి గుర్తు చేసుకుందాం. 2017 నవంబరు 12న విజయవాడ సమీపాన ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణానదిలో ఒక ప్రైవేటు షికారు పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదని ఆ తర్వాత బయటపడింది. 2018 జూలై 14న మన ఐ.పోలవరం మండలం పశువుల్లంక వద్ద బడిపిల్లలు ఉన్న పడవ, కడుతున్న వంతెన కట్టడానికి తగిలి బోల్తాపడింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన పర్యాటకుల బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్న డెబ్బైకి పైగా మందిలో సగానికి మించి తిరిగి రాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును నది అడుగు నుంచి పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఈ మూడింటికీ ఇంజన్లు ఉన్నాయి. ఇంజను ఉంది కదా అన్న ధీమాతోనే జనం ఎక్కారు.

కనుక ముందు పడవ సంగతి. పడవలు రెండు రకాలుగా నడుస్తాయి. మన పాతకాలపు చెక్క నావ, దాని పోలికలో తయారైన ఫైబరు నావ నీటిని చీల్చుకుంటూ పోతాయి. వీటి వేగాన్ని నిర్ణయించేది చాలావరకు పడవ పొడవే. నీటిని తాకే భాగం 20 అడుగులున్న నావ గంటకు 11 కిలోమీటర్లు మించి పరుగెత్తదు. పది హార్స్‌పవర్ చాలిన చోట ఇరవై అయిదు బిగిస్తే ముందు అలలు లేస్తాయి, వెనక కొస కుంగుతుంది, ఆయిలు తగలబడుతుంది. వేగం మాత్రం పెరగదు. రెండో రకం వెడల్పు అడుగున్న తేలిక పడవ. తగినంత బలమిస్తే అది నీటి మీదికి లేచి జారుతూ పోతుంది. నగరాలలో చూసే స్పీడు బోట్లు ఈ జాతివి. తాతలను, పిల్లలను, ఫొటోలు తీసుకునే కొత్త దంపతులను ఎక్కించుకుని సాయంకాలం మెల్లగా తిప్పే షికారుకు మొదటి రకమే తగినది. పరుగు పందెం పెట్టడానికి వశిష్ఠ పాయలో ఇసుక మేటలు, వలలు, ఎదురుగా వచ్చే పంట్లు చాలా ఉన్నాయి.

ఎందరు ఎక్కవచ్చు? పడవ అమ్మేవాడు పన్నెండు మంది హాయిగా కూర్చోవచ్చంటాడు. కూర్చోవచ్చు, అవి బల్లలు కదా! తేలాలి కదా అన్నదే మన ప్రశ్న. చిన్న పడవలకు ఒక తేలికైన లెక్క ఉంది. పొడవు అడుగులను వెడల్పు అడుగులతో హెచ్చవేసి 15తో భాగించాలి. 18 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న పడవకు ఆరుగురు. ఆ ఆరుగురిలో సరంగు కూడా ఒకడు. ఇదైనా నీరు నిలకడగా, గాలి లేకుండా ఉన్న రోజు మాట. గాలి ఉంటే ఒకరిద్దరిని తగ్గించాలి. మనుషులంతా ఎక్కిన తర్వాత పడవ అంచుకూ నీటికీ మధ్య ఎంత ఎడం మిగిలిందో ఒడ్డు మీద నిలబడి చూడండి. జానెడే మిగిలితే, పక్క నుంచి లాంచీ పోయినప్పుడు లేచే అల చాలు లోపలికి రావడానికి.

పడవ మీద కప్పు వేయించి, ఆ కప్పు మీద కుర్చీలు వేయించే సరదా ఒకటి బయలుదేరింది. దీన్ని మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాము. బరువు పైకి పోయినకొద్దీ పడవ తూలడం ఎక్కువవుతుంది. గడ్డిబండి ఎందుకు బోల్తాకొడుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. పైన కూర్చున్న పదిమందీ డాల్ఫినో, కొంగల గుంపో కనిపించిందని ఒకే పక్కకు జరిగితే సరంగు ఎంత నేర్పరి అయినా చేయగలిగింది లేదు. ఎండకు పలచని గుడ్డ పందిరి చాలు. అది కూడా గాలి వీచినప్పుడు ఒక్క నిమిషంలో విప్పి చుట్టేటట్లు ఉండాలి. వేటకు వాడిన పాత ఫైబరు పడవలు కొని బల్లలు బిగించేవారు కూడా ఈ సంగతి గమనించాలి. వేట పడవలో వల, చేప, ఐసు అడుగునే ఉంటాయి. మనుషులను బల్లల మీద కూర్చోబెడితే బరువు ఎత్తుకు వెళుతుంది. అదే పడవ అయినా నడక మారిపోతుంది.

పాత పడవ కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. కొత్తగా వేసిన రంగు కింద ఏముందో తెలుసుకోవాలంటే పడవను ఒడ్డుకు లాగించి, బోర్లించి, చిన్న కర్రసుత్తితో అడుగంతా తట్టుకుంటూ వెళ్లాలి. గట్టి ఫైబరు ఖంగుమంటుంది. నీరు తాగి పొరలు విడిపోయిన చోట బోలుగా మోగుతుంది. చెక్కపడవ అయితే పలకల అతుకుల దగ్గర కత్తిమొనతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే అక్కడ చెక్క చివికింది. ఇంజను బిగించే వెనక పలక అన్నిటికంటే ముఖ్యం. ఇంజను బరువు, దాని తోపు రెండూ మోసేది అదే. దాని బోల్టుల చుట్టూ పగుళ్లు కనిపిస్తే బేరం వదులుకుని ఇంటికి రావడం మేలు. అడుగున నీరు వదిలే బిరడా ఉంటుంది. దాని మర అరిగిందేమో చూడండి. బిరడా పెట్టడం మరచి పడవను నీటిలోకి తోసేవారు ప్రతి రేవులోనూ ఉన్నారు.

ఇక ఇంజను. మన పాయలలో పొడవాటి ఇరుసు చివర ఫ్యాను ఉన్న డీజిలు ఇంజన్లు మత్స్యకారులకు అలవాటే. ఇసుక మేట తగిలితే ఇరుసు పైకెత్తుకోవచ్చు. పొలంలో పంపుసెట్టు బాగుచేసే మెకానిక్కే దీన్నీ బాగుచేయగలడు. మోత, పొగ దీనికున్న లోపాలు. ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. తిరిగే ఇరుసుకు, చక్రానికి చీర కొంగో, చున్నీయో, జడో చుట్టుకుంటే క్షణంలో ఘోరం జరిగిపోతుంది. వేట పడవలో మగవాళ్లు జాగ్రత్తగా మసలుకుంటారు కనుక కప్పు లేకపోయినా సాగుతున్నది. షికారుకు ఇదే ఇంజను పెట్టదలచినవారు ఇరుసు మొదలంటా ఇనుప జాలీ బిగించకుండా ఒక్కరినీ ఎక్కించరాదు. వెనక పలకకు తగిలించే పెట్రోలు ఔట్‌బోర్డు ఇంజను నెమ్మదిగా మోగుతుంది, పొగ తక్కువ, అతిథులకు సుఖం. కొత్తగా కొనేవారు నాలుగు స్ట్రోకులది తీసుకోవడం మంచిది. రెండు స్ట్రోకుల పాత ఇంజనుకు పెట్రోలులోనే నూనె కలపాలి. చాలావాటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు. చేతివాటంగా పోస్తే తక్కువైతే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది. బ్యాటరీ మోటార్లు కూడా వస్తున్నాయి. కాలువలో అరగంట తిప్పడానికి బాగానే ఉంటాయి కానీ ఏటిలో ఎదురు ప్రవాహానికి వెళ్లి రావలసిన చోట వాటి మీద భారం వేయలేము.

పెట్రోలు ఇంజను కొనేవారు తెలుసుకోవలసిన కొత్త సంగతి ఒకటి ఉంది. బంకులలో ఇప్పుడు దొరికే పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. 2025లో దేశమంతటా ఇది 20 శాతానికి చేరింది. చెరకు రైతుకు, దేశ ఖజానాకు దాని లాభాలు దానికి ఉన్నాయి. ఆ చర్చ వేరు. పడవకు మాత్రం ఇది చిక్కు తెచ్చిపెట్టింది. ఇథనాలు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. ఏటి ఒడ్డున చెమ్మకు కొదవ లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకును వర్షాకాలమంతా అలాగే వదిలేస్తే, నీరు హద్దు దాటగానే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజనుకు వెళ్లే గొట్టం అందుకునేది అడుగునే. ఒడ్డున రెండు నిమిషాలు బాగానే నడిచిన ఇంజను నడి ఏటిలో ఆగిపోవడానికి ఇది ఒక కారణం. పాత రబ్బరు గొట్టాలను కూడా ఇది మెత్తబరుస్తుంది. పాతకాలపు ఫైబరు ట్యాంకు గోడలను కరిగించి జిగురును ఇంజనులోకి పంపుతుంది. చాలా ఔట్‌బోర్డు ఇంజన్ల కంపెనీలు తమ పుస్తకాలలో ఇథనాలు 10 శాతానికి మించరాదని రాశాయి. కనుక కొనే ముందు పుస్తకం తెరిపించి, 20 శాతం పెట్రోలుకు ఈ ఇంజను ఆగుతుందా అని అడిగి, సమాధానం కాగితం మీద రాయించుకోవాలి. మాటలు బిల్లు చెల్లించే దాకానే ఉంటాయి.

ఇప్పటికే ఇంజను ఉన్నవారు చేయగలిగింది కొంత ఉంది. పెట్రోలు ఆ వారానికి సరిపడానే కొనాలి. నెలల తరబడి నిలవ ఉంచరాదు. ట్యాంకుకూ ఇంజనుకూ మధ్య నీటిని వేరుచేసే గాజు గిన్నె ఫిల్టరు పెట్టించాలి. గిన్నె అడుగున నీరు చేరితే కంటికి కనిపిస్తుంది. అనుమానం ఉన్న పెట్రోలును ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, కాసేపు కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా విడిపోతే అది ఇంజనుకు పనికిరాదు. వరదల కాలంలో పడవను కట్టివేసేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటరు ఉన్న ఇంజను అయితే అందులో మిగిలిన పెట్రోలు కూడా అయిపోయే దాకా నడిపి ఆపాలి.

పోసే పద్ధతిలోనూ మనవాళ్ల అజాగ్రత్త అంతా ఇంతా కాదు. నీళ్ల డబ్బాలలో పెట్రోలు తేవడం, పడవలోనే గరాటా పెట్టి పోయడం, పక్కనే ఒకడు బీడీ వెలిగించడం! పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. అది ఎగిరిపోదు, పడవ అడుగున నీరులాగా నిలుస్తుంది. ఇంజను స్టార్టు చేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. ఊడదీసే ట్యాంకు అయితే దాన్ని ఒడ్డుకు తెచ్చి, నేల మీద ఉంచి పోయాలి. ఆ సమయంలో పడవలో మనుషులు ఉండరాదు. ఒలికినది తుడిచి, వాసన పోయిన తర్వాతనే ఇంజను తాడు లాగాలి. 2018 మే 11న పాపికొండల దారిలో పర్యాటకుల బోటుకు నిప్పంటుకున్న ఘటనలో ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. ప్రతిసారీ అలా జరుగుతుందనుకోవడానికి లేదు. మంటలు ఆర్పే సిలిండరు సరంగు చేతికి అందే చోట ఉండాలి కానీ, తనిఖీకి చూపించడానికి ఇంట్లో దాచరాదు.

ఎంత ఆయిలు కావాలన్నది కూడా లెక్క ప్రకారమే పోవాలి. పది హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను పూర్తి బలంతో నడిస్తే గంటకు సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. అంతే బలమున్న డీజిలు ఇంజనుకు రెండున్నర లీటర్లు. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, అనుకోని అవసరానికి మరొక వంతు ఉంచుకోవాలి. రెండు గంటల షికారుకు ఎనిమిది లీటర్లు అయ్యేటట్లుంటే పన్నెండు లీటర్లు లేకుండా మోకు విప్పవద్దు. షికారు ఎప్పుడూ ముందు ఎదురు ప్రవాహానికి సాగాలి. ఇంజను మొరాయించినా ఏరే రేవు వైపు తీసుకువస్తుంది. సముద్రపు పోటు ఎక్కే దిగువ పాయలలో నీటి దిశ పూటకోసారి మారుతుంది. అక్కడివారు పోటు వేళ చూసుకుని ఈ లెక్క వేసుకోవాలి. ఆయిలు ఉన్నా, లేకున్నా పడవలో రెండు తెడ్లు, ఒక గెడ, లంగరు, దానికి చాలినంత మోకు ఉండవలసిందే.

పోషణ విషయానికి వస్తే, మన దగ్గర ఇంజనుకు మొదటి శత్రువు ఉప్పు. వేసవిలో నదిలో నీరు తగ్గినప్పుడు ఉప్పునీరు పాయలలోకి పైదాకా ఎక్కుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు నడిపేవారికైతే రోజూ ఉప్పే. షికారు ముగిసిన ప్రతి సాయంత్రం మంచినీటి గొట్టం తగిలించి పది నిమిషాలు ఇంజను లోపలి దారులు కడగాలి. రెండో శత్రువు గుర్రపుడెక్క. అది ఫ్యానుకు చుట్టుకోవడమే కాదు, ఇంజను చల్లబరిచే నీటి కన్నాలను మూసేస్తుంది. ఔట్‌బోర్డు నడుస్తున్నప్పుడు వెనక నుంచి సన్నని నీటిధార పడుతూ ఉంటుంది. సరంగు కన్ను ఎప్పుడూ దాని మీద ఉండాలి. ధార ఆగితే వెంటనే ఇంజను ఆపాలి. "రేవు దగ్గరే కదా" అని లాగించినవారు ఇంజను ఖరీదులో సగం మరమ్మతుకు పెడతారు. నీటిని తోడే రబ్బరు చక్రాన్ని ఏటా విప్పించి చూసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

పులసల కాలంలో ఏటిలో వలలు దట్టంగా ఉంటాయి. తెగిన నైలాను దారం ఫ్యాను వెనక చుట్టుకుని, మెల్లగా ఆయిలు సీలును కోసేస్తుంది. పైకి ఏమీ తెలియదు. గేరు ఆయిలు కొంచెం వదిలి చూస్తే పాలు కలిసిన టీ రంగులో ఉంటుంది. అంటే లోపలికి నీరు చేరిందని అర్థం. నెలకోసారి ఫ్యాను ఊడదీసి దారం తీసేయడం పావుగంట పని. ఇంజను ఆయిలు, గేరు ఆయిలు మొదటిసారి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు మార్చాలి. నడిచిన గంటలు గోడ మీద బొగ్గుతోనైనా రాసుకోండి. ట్రాక్టరుకు రాస్తున్నవాళ్లు పడవకు రాయలేరా?

ఔట్‌బోర్డుతో పాటు ఒక ఎర్ర తాడు ఇస్తారు. ఒక కొస సరంగు మణికట్టుకు, రెండో కొస ఇంజనుకు ఉంటుంది. సరంగు నీటిలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. కట్టుకోకపోతే, సరంగు లేని పడవ గుండ్రంగా తిరిగి పడిపోయినవాడి మీదికే వస్తుంది. లైఫ్ జాకెట్లు పిల్లలకు పిల్లలవి ఉండాలి. పెద్దవాళ్లది బిడ్డకు తొడిగితే నీటిలో జాకెట్టు పైకి తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతాడు. ఫొటో కోసం జాకెట్టు తీసేస్తామన్నవారిని ఒడ్డున దింపి, అక్కడ తీసుకొమ్మని చెప్పే ధైర్యం సరంగుకు కావాలి. యజమాని అతని వెనక నిలబడితేనే ఆ ధైర్యం వస్తుంది.

ఎప్పుడు నడపరాదో తెలియడం కూడా నడపడంలో భాగమే. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ హెచ్చరికలు లంకలలోని ఇళ్లకు, పశువులకు ఉద్దేశించినవి. షికారు పడవను మొదటి హెచ్చరిక దాకా నడపవచ్చని వాటికి అర్థం చెప్పుకోవద్దు. నీరు ఎర్రబడి, దుంగలు కొట్టుకురావడం మొదలైన రోజే పడవను ఒడ్డుకు లాగాలి. భద్రాచలంలో మట్టం పెరుగుతున్నదని వార్త వింటే ఇక్కడ బుకింగులు ఆపడం వివేకం. వేసవి సాయంత్రపు గాలివాన ఇంకో ప్రమాదం. 2018 మే 15న మంటూరు సమీపాన లాంచీ మునిగింది గాలివానలోనే. పడమర నల్లబడితే డబ్బు వాపసు ఇచ్చి రేవు చేరాలి. నదీముఖాల దగ్గర పాటు వేళ, దిగివచ్చే నీటికి సముద్రపు గాలి ఎదురైతే నిలువు అలలు లేస్తాయి. చిన్న పడవకు అది చోటు కాదు.

చట్టం మాట క్లుప్తంగా. 1917 నాటి చట్టం స్థానంలో 2021లో దేశీయ జలయాన నౌకల కొత్త చట్టం వచ్చింది. లోనదులలో యంత్రంతో నడిచే పడవకు సర్వే పత్రం, రిజిస్ట్రేషను, బీమా, నడిపేవానికి అర్హత పత్రం ఉండాలని అది చెబుతున్నది. ఇవి లేకుండా జనాన్ని ఎక్కించినవారు, ప్రమాదం జరిగిననాడు బీమా సొమ్ముకు కాదు, జైలుకు దరఖాస్తు పెట్టుకున్నట్లే.

అయితే చట్టం పాటించమనడానికి ముందు పాటించే వీలు కల్పించడం ప్రభుత్వం పని. ఒక్క పడవ ఉన్న లంక కుటుంబం కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి కూలి పోగొట్టుకోలేదు. సర్వే చేసే అధికారులే సంక్రాంతికి నెల ముందు దిండి, సఖినేటిపల్లి, కోటిపల్లి, ఓడలరేవు వంటి చోట్లకు వచ్చి శిబిరాలు పెట్టాలి. పడవను అక్కడే తూచి, ఎక్కవలసిన మనుషుల సంఖ్యను తెలుగు అంకెలలో కాకపోయినా అందరికీ అర్థమయ్యే పెద్ద అంకెలలో పడవ రెండు పక్కలా రంగుతో రాయించాలి. దాని కింద నీటి హద్దు గీత గీయించాలి. గీత మునిగిందా లేదా అన్నది అప్పుడు ఎక్కే పిల్లవాడు కూడా చెప్పగలడు. ఐటీఐలలో డీజిలు మెకానిక్కు నేర్చుకుంటున్న కోనసీమ కుర్రవాళ్లకు ఔట్‌బోర్డు ఇంజను విప్పి బిగించడం కూడా నేర్పితే, యజమానులకు మెకానిక్కు దొరుకుతాడు, కుర్రవాళ్లకు ఊళ్లోనే పని దొరుకుతుంది. పంచాయతీలు తమ వంతుగా రేవులో ఒక పుస్తకం ఉంచి, ఏ పడవ ఎందరితో ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎప్పుడు తిరిగివచ్చింది రాయించాలి. చీకటిపడేసరికి తిరిగిరాని పడవ కోసం వెతకడం ఆ రాత్రే మొదలుకావాలంటే ఆ పుస్తకం అవసరం. వచ్చే గ్రామసభలలోనే దీనిపై తీర్మానం చేయవలసిందిగా రేవులున్న పంచాయతీల సర్పంచులను కోరుతున్నాము.